పెట్టె విప్పని మిక్సీ

ఇంటి నుంచి,
ఆదివారం

ఒరేయ్ పిడుగూ,

ఫోన్ చేస్తే "ఊఁ", "ఆఁ", "సరే అక్కా" తప్ప నీ నోటి నుంచి నాలుగో మాట ఊడిపడదు. వెనకాల ఆ డ్రిల్లు మోత ఒకటి. చేతికి కాగితం ఇస్తే మాత్రం కాస్త మనిషిలా మాట్లాడతావని నీ బడి రోజుల్లోనే కనిపెట్టాను. అందుకే ఉత్తరం. జవాబు కూడా కాగితం మీదే రాయి.

సంగతేమిటంటే, మన మిక్సీ మాడు వాసన వేస్తోంది. మొన్న ఉల్లిపాయలు వేసి తిప్పుతుంటే మొదలైంది. రబ్బరు కాలినట్టు ఉంటుంది, అడుగున ఏదో వెగటు తీపి కలిసినట్టు కూడా ఉంటుంది. పొగ లేదు. ఆపేసి ముక్కు దగ్గర పెట్టుకునేసరికి పోయింది. నిన్న మళ్లీ వచ్చింది. మీ బావని పిలిచి చూడమన్నాను. ఆయన జారు ఎత్తి, మోటారు మీదికి వంగి, కళ్లు మూసుకుని మరీ పీల్చి "ఏం లేదే" అన్నారు. ఇన్నేళ్లుగా డిపోలో డీజిల్ పొగ మధ్య కూర్చుని బస్సుల టైము రాసే మనిషి. ఆ ముక్కుకి పాపం ఏం తెలుస్తుంది.

ఊరందరి మిక్సీలూ విప్పుతావు కదా, మీ అక్క మిక్సీకి ఏం రోగమొచ్చిందో చెప్పు. షాపులో యూనిఫారాల సీజను మొదలైంది. రోజంతా కాజాలు కుట్టి, గుండీలు వేసి ఇంటికొచ్చాక రోట్లో దంచే ఓపిక నాకు లేదు.

వేళకి తింటున్నావా? "తింటున్నాను" అని రాయకు, ఏం తిన్నావో రాయి.

నీ
అక్క


షాపు నుంచి,
గురువారం

అక్కా,

రొట్టె, గుడ్డు. నిన్నా అదే. మొన్న పెద్దాయన ఇంటి నుంచి ఏదో కూర వచ్చింది, పేరు తెలియదు. మా షాపు ఓనరు భార్య చేసిన కూరకి పేరు అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మిక్సీ సంగతి. ముందు ప్లగ్గు పీకెయ్. జారు తిరగేసి, అడుగున బ్లేడు కొసని వేలితో తిప్పి చూడు. తేలిగ్గా తిరగకపోతే బ్లేడు ఇరుసు చుట్టూ ఉండే బుష్ పట్టేసినట్టు, అప్పుడు మోటారు మీద బరువు పడి వాసన వస్తుంది. తిరిగితే, కింద మోటారు మీద నల్లటి పళ్ల చక్రం ఉంటుంది చూడు, కప్లర్ అంటాం. దాని పళ్లు అరిగి నున్నగా అయ్యాయా? రబ్బరు కాలిన వాసన ఎక్కువగా అక్కడి నుంచే. అదీ బాగుంటే లోపల మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. చీకట్లో తిప్పితే గాలి కన్నాల్లోంచి నిప్పురవ్వలు కనిపిస్తాయి. వార్నిష్ కాలినట్టు ఘాటుగా ఉంటే మాత్రం మోటారు లోపలి తీగచుట్ట, అదే వైండింగ్, పోయినట్టే. అప్పుడు దాన్ని ముట్టుకోవద్దు.

జారు సగానికి మించి నింపుతున్నావా? నింపుతావు. నాకు తెలుసు.

ఏదీ తేలకపోతే మోటారుని బావగారికి తెలిసిన డ్రైవరు చేతికిచ్చి బస్సులో పంపించు.

తమ్ముడు


ఇంటి నుంచి,
మంగళవారం

పిడుగూ,

నువ్వు చెప్పినట్టే అన్నీ చూశాను. బ్లేడు గిర్రున తిరుగుతోంది. చక్రం పళ్లు నా పళ్లకంటే గట్టిగా ఉన్నాయి. దీపం ఆర్పేసి తిప్పితే నిప్పురవ్వ ఒక్కటీ కనిపించలేదు, పక్కన నిలబడిన మీ బావ కాలు మాత్రం స్టూలుకి తగిలింది. సగం జారే వేస్తున్నాను, ఒట్టు.

వాసన మాత్రం వస్తూనే ఉంది. రోజూ కాదు. వచ్చినప్పుడు మెల్లగా కాదు, తలుపు తీసినట్టు ఒక్కసారిగా ముంచేస్తుంది. కాసేపుండి అలాగే పోతుంది.

డ్రైవరు చేతికి మోటారు ఇచ్చి పంపుతున్నాను. మధ్యలో ఎక్కడా దొర్లిపోకుండా సీటు పక్కనే పెట్టుకోమన్నాను. పాత దుప్పటి చుట్టాను, ఆ దుప్పటి నువ్వు ఉంచేసుకో, అక్కడ వానలకి రాత్రిళ్లు చలేస్తోందన్నావు కదా. దాంట్లో నీకిష్టమైన గాజు గ్లాసు కూడా పెడదామనుకున్నాను గానీ నిన్న చేతిలోంచి జారి పగిలిపోయింది. ఈ మధ్య చేతులు నా మాట వినడం లేదు. వయసు కాబోలు.

అక్క


షాపు నుంచి,
శనివారం

అక్కా,

మిక్సీ చేరింది. దుప్పటి కప్పుకునే రాస్తున్నాను.

మోటారు మొత్తం విప్పాను. బ్రష్‌లకి ఇంకా చాలా ఆయుష్షు ఉంది, అయినా మార్చేశాను. గాలి కన్నాల్లో దుమ్ము దులిపాను. తర్వాత మధ్యాహ్నమంతా తిప్పుతూ ఆపుతూ కూర్చున్నాను. వాసన లేదు. పెద్దాయన్ని పిలిచాను. కాఫీలో చీమ పడితే వాసన బట్టి చెప్పే మనిషి ఆయన. ఆయనా పీల్చి "ఏముందిరా, కొత్త పెళ్లికూతురిలా ఉంది. మీ అక్క వంట ఎగ్గొట్టడానికి వేసిన ఎత్తేమో" అన్నాడు.

తిరిగి పంపిస్తున్నాను. ఒకవేళ గోడలో సాకెట్టు వదులైందేమో. లోపల తీగ వదులైతే వేడెక్కి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. మిక్సీ వాడాక ప్లగ్గు పీకి దాని పిన్నులు ముట్టుకో, చురుక్కుమంటే అదే. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. నువ్వు మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకోకు.

నీ చేతికేమైంది?

తమ్ముడు


ఇంటి నుంచి,
బుధవారం

పిడుగూ,

చేతికేం కాలేదు. గ్లాసు పగిలితే కూడా కారణం వెతుకుతావేంరా.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. సాకెట్టు బాగానే ఉందన్నాడు. "బాగున్నా మార్చు" అని మీ బావ అన్నారు. మార్చాడు. ఫ్రిజ్ వెనక చూశాడు, పొయ్యి గొట్టం చూశాడు, పైన బల్బు కూడా విప్పి చూశాడు. పోతూ పోతూ మీ బావతో గుమ్మంలో ఏదో గొణిగాడు. "ఏమన్నాడు" అంటే "ఏం లేదు" అన్నారు. ఈయనకి అన్నీ "ఏం లేదు".

నీకొక మాట చెప్పలేదు. మిక్సీ నీ దగ్గర ఉన్న రోజుల్లో కూడా ఇక్కడ వాసన వచ్చింది. గోడలకి పట్టేసిందేమోనని గోడలు కడిగాను. కర్టెన్లు ఉతికాను. పక్కింటావిడని పిలిచి "మీకొస్తోందా" అని అడిగాను. ఆవిడ నా మొహం చూసి "కొంచెం వస్తున్నట్టుందండీ" అంది. మర్యాదకి అందని తెలుస్తూనే ఉంది.

మొన్న సాయంత్రం మీ బావ డ్యూటీ నుంచి వస్తూ కొత్త మిక్సీ తెచ్చారు. నన్ను అడగలేదు. బల్ల మీద పెట్టి "ఇక నీకే బాధా ఉండదు" అన్నారు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. టీ పెట్టి వచ్చి విప్పుదామని అనుకున్నాను. టీ కలుపుతూ ఆ పెట్టె వైపు చూస్తున్నాను. అప్పుడు వచ్చిందిరా వాసన. అట్టపెట్టెకి టేపు కూడా ఊడదీయలేదు. దాని పక్కన నిలబడితే రబ్బరు మాడిన వాసన.

"ఇదీ కాలిపోయింది" అన్నాను. అనకూడదని తెలిసి కూడా అన్నాను.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. పెట్టెని బల్ల మీంచి తీసి గోడ పక్కన పెట్టి, టీ తనే వడకట్టారు.

అక్క


షాపు నుంచి,
శుక్రవారం

అక్కా,

ఉత్తరం అందింది.

కొన్ని అడుగుతాను, నవ్వకుండా చెప్పు. ఆ వాసన ఇంట్లోనే వస్తోందా, బయట కూడానా? వచ్చినప్పుడు నీకు ఇంకేమైనా అనిపిస్తుందా, కళ్లు తిరగడం లాంటివి? ఆ కాసేపట్లో ఎవరైనా పిలిస్తే పలుకుతావా? తలనొప్పి ఉందా?

జలుబు చేసి ముక్కులో ఏదైనా అడ్డుపడితే ఇలా అవుతుందని ఇక్కడెవరో అన్నారు. ఒకసారి డాక్టరుకి చూపిస్తే పోయేదేముంది.

నేను బాగానే తింటున్నాను. ఇవాళ అన్నం, పప్పు, అరటిపండు.

తమ్ముడు


టైలరింగ్ షాపు నుంచి, భోజనం వేళ,
సోమవారం

పిడుగూ,

మిక్సీ డాక్టరువి కాస్తా మనుషుల డాక్టరువి ఎప్పుడయ్యావు?

నవ్వలేదులే. చెప్తాను. ఇంట్లో రాస్తే ఆయన కంట పడుతుంది, అందుకే ఇక్కడ కూర్చుని రాస్తున్నాను.

బయట కూడా వస్తోంది. షాపులో వచ్చినప్పుడు ఇస్త్రీపెట్టె అనుకుని పరిగెత్తాను, అది చల్లగా ఉంది. బస్టాపులో వచ్చింది. మిక్సీ నా వెనకాలే బస్సెక్కిందా అనుకుని నవ్వుకున్నాను గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

వచ్చే ముందు ఒక చిత్రం జరుగుతుంది. కడుపులోంచి ఏదో పైకి లేచినట్టుంటుంది. చూస్తున్నదంతా ఇంతకుముందే ఒకసారి జరిగినట్టుంటుంది. ఆ తర్వాత వాసన. ఆ తర్వాత కొంచెంసేపు నేను ఉండను. ఎక్కడికి పోతానో తెలియదు. మొన్న నా పక్క మిషను అమ్మాయి భుజం పట్టుకుని ఊపింది. "ఎన్నిసార్లు పిలిచానండీ, సూది చేత్తో పట్టుకుని, పెదాలు చప్పరిస్తూ కూర్చున్నారు" అంది. నాకు ఒక్క పిలుపూ వినిపించలేదు. గ్లాసు కూడా అలాగే పోయింది. పాలగిన్నె కూడా. పాలగిన్నె సంగతి ఎవరికీ చెప్పలేదు, నేల కడిగేశాను.

తలనొప్పి పొద్దున్నే ఉంటుంది, కాఫీ తాగితే తగ్గుతుంది.

మీ బావకి చెప్పకు. కొత్త మిక్సీ ఇంకా విప్పలేదు. దాన్ని చూసినప్పుడల్లా ఆయన మొహం ఎలాగో అయిపోతోంది.

అక్క


షాపు నుంచి,
బుధవారం

అక్కా,

మిక్సీ బాగానే ఉంది. మొదటి నుంచీ బాగానే ఉంది.

కిందటి ఉత్తరంలో నీ దగ్గర ఒకటి దాచాను. జలుబు సంగతి ఎవరూ అనలేదు, నేనే కల్పించాను. నీ పెట్టె సంగతి చదివిన రోజు ఒక నర్సు తన ఓవెన్ తీసుకెళ్లడానికి వచ్చింది. ఎవరి గురించో అన్నట్టుగా ఆమెని అడిగాను. లేని వాసన వచ్చే మూర్ఛ ఒక రకం ఉంటుందట. కింద పడి కొట్టుకోవడం ఉండదు, కాసేపు మనిషి ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుందట. ఆ ప్రశ్నలన్నీ ఆమె చెప్పినవే. "ఎవరు వాళ్లు?" అంది. "మా అక్క" అన్నాను. అప్పుడామె ఓవెన్ కింద పెట్టేసి, "ఆలస్యం చేయకండి, తల స్కాన్ తీయించండి" అంది.

ఈ ఉత్తరం బావగారికి చూపించు. నువ్వు చూపించకపోతే నేనే డిపోకి ఫోన్ చేస్తాను. నరాల డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్లండి. పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడకు. రోడ్డు ఒక్కదానివే దాటకు.

ఇది మామూలు మందులతో పోయేదే అయ్యుంటుంది. చాలామందికి మందులతోనే పోతుందట.

తమ్ముడు


ఆసుపత్రి, మూడో అంతస్తు,
శనివారం

పిడుగూ,

ఫోన్‌లో నీకు మీ బావ చెప్పేశారు కదా. తలలో, చెవికి కొంచెం పైన, ద్రాక్షపండంత గడ్డ ఉందట. డాక్టరు ఫోటోని దీపానికి పెట్టి చూపించాడు. ఇంత చిన్నది నాతో గోడలన్నీ కడిగించిందా అనిపించింది.

స్కాన్ గది బయట మీ బావ ఏడ్చారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను చూడటం ఇదే. "నువ్వు వాసన వస్తోందంటే నేను నమ్మి ఉండాల్సింది" అన్నారు. "నమ్మి ఏం చేసేవారు, ఇంకో మిక్సీ కొనేవారు" అన్నాను. ఏడుస్తూనే నవ్వారు. వరండాలో కూర్చున్నవాళ్లందరూ మమ్మల్ని చూశారు.

నువ్వు కూడా ఆ దారిలోనే ఆలోచిస్తుంటావు, నాకు తెలుసు. మోటారు విప్పుతూ రోజులు పోగొట్టానని. ఒరేయ్, అందరూ "ఏం లేదు" అంటుంటే నువ్వొక్కడివే ఏదో ఉందని వెతికావు. నేను పిచ్చిదాన్నేమోనని నాకే అనుమానం వచ్చిన రోజుల్లో, నీ ఉత్తరం చూసి బ్లేడు తిప్పుకుంటూ నిలబడ్డాను. అది చాలు.

ఆపరేషన్‌కి వస్తానన్నావు. రా. కానీ వచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే నర్సుతో చెప్పి బయటికి గెంటిస్తాను.

అక్క


షాపు నుంచి,
ఆదివారం

అక్కా,

నిన్న పొద్దున క్షేమంగా చేరాను. బస్సులో బాగా నిద్ర పట్టింది. పెద్దాయన నిన్ను అడిగాడు, ఆయన భార్య కూడా అడిగింది. ఆపరేషన్ ఎంత బాగా అయిందో ఇద్దరికీ చెప్పాను. డాక్టరు కూడా చాలా సంతోషంగా ఉన్నాడు, నాతో, బావగారితో వరండాలో ప్రత్యేకంగా మాట్లాడాడు. గడ్డ అంతా తీసేశారట. నెల తిరిగేసరికి నువ్వు మళ్లీ షాపుకి వెళ్లొచ్చట. జుట్టు కూడా ముందుకంటే ఒత్తుగా వస్తుందట. ఇక్కడ వాన బాగా పడుతోంది. షాపు ముందు నీళ్లు నిలిచి అందరూ ఇటుకల మీద నడుస్తున్నారు, పెద్దాయన ఒక ఇటుక మీంచి జారి గ్రైండరు పట్టుకుని ఆగాడు. అందరం నవ్వాం. మందులు వేళకి వేసుకో. వాసన రావడం లేదు కదా? ఇక రాదు. వచ్చే సెలవులకి ముగ్గురం ఎక్కడికైనా వెళ్దాం. సముద్రం చూస్తానన్నావు కదా ఒకప్పుడు. నేను టికెట్లు చూస్తాను.

తమ్ముడు


ఇంటి నుంచి,
గురువారం

పిడుగూ,

అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు. కుడిచెయ్యి ఇంకా బద్ధకంగా ఉంది.

ఒక్క ఉత్తరంలో ఇన్ని కబుర్లు నువ్వెప్పుడూ రాయలేదు. నిజం చెప్పేటప్పుడు నీకు నాలుగు మాటలే వస్తాయి. పెద్దాయన ఇటుక మీంచి జారిన దగ్గరికొచ్చేసరికి నాకు అర్థమైపోయింది.

కట్లు విప్పిన రోజు మీ బావని మందులకి పంపి డాక్టరుని నేనే అడిగాను. అంతా రాలేదని, మిగిలింది మళ్లీ పెరిగే జాతి అని చెప్పాడు. "ఎన్నాళ్లు" అంటే, ఏడాది ఉంటే మంచిదే అనుకోవాలన్నాడు. మంచి మనిషి, చెప్తూ నా కళ్లలోకే చూశాడు. నాకు తెలుసన్న సంగతి మీ బావకి చెప్పలేదు. నాకు తెలియకుండా ఉంచుతున్నానన్న తృప్తి ఒక్కటే ఇప్పుడు ఆయన్ని నడిపిస్తోంది. రోజూ పొద్దున "ఇవాళ కళగా ఉన్నావు" అంటారు. నేను "అవునా" అంటాను. అలా గడుస్తోంది.

భయం లేదని చెప్పను. స్నానాల గదిలో నీళ్లు పెద్దగా తిప్పి ఏడుస్తాను. తర్వాత మొహం కడుక్కుని వచ్చి కూర తరుగుతాను. తరగడానికి ఒప్పుకుంటున్నారు, పొయ్యి మాత్రం ఆయనదే. అన్నం మెత్తగా చేస్తున్నారు. నేనేమీ అనడం లేదు.

సముద్రానికి వెళ్దాం. టికెట్లు నిజంగా చూడు.

అక్క


ఇంటి నుంచి,
మంగళవారం

బావమరిదికి,

నేను ఉత్తరాలు రాసే మనిషిని కాను. వచ్చిన బస్సు టైము, వెళ్లిన బస్సు టైము తప్ప ఏదీ రాసి ఎరగను. తప్పులుంటే సర్దుకుని చదువు.

నువ్వు వచ్చి ఉన్న ఆ కొద్ది రోజులూ నీతో ఒక మాట చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. నువ్వు వెళ్లి వారమైంది. ఇల్లు సర్దాను. మీ అక్క చీరలు అలాగే ఉంచాను.

తను పోయిందని నీకు ఫోన్ చేసే ముందు రోజు జరిగింది చెప్పాలి. సముద్రం నుంచి వచ్చాక కొన్ని నెలలు తను బాగానే ఉన్నదన్నది నీకు తెలిసిందే. చివరి వారం మాత్రం ఒక్కసారిగా దిగిపోయింది. అంత తొందరగా అవుతుందని డాక్టరు కూడా అనుకోలేదు. నన్ను గుర్తుపట్టడం మానేసింది.

ఆ రోజు మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని ఉంటే కళ్లు తెరిచి "ఏరా పిడుగూ, తిన్నావా" అంది. "నేను, నేనే" అన్నాను. మొహంలో భయం కనిపించింది. ఎవరో తెలియని మనిషి మంచం పక్కన కూర్చున్నట్టు ముడుచుకుపోయింది. నేను లేచి వరండాలోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి మళ్లీ అదే అడిగింది. ఈసారి "తిన్నానక్కా" అన్నాను.

పెళ్లాన్ని అక్కా అని పిలవాల్సి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. కానీ అనగానే తన మొహం విప్పారింది. "ఏం తిన్నావు" అంది. "అన్నం, పప్పు" అన్నాను. "అబద్ధం" అని నవ్వింది. నా చెయ్యి పట్టుకుంది. నీ చెయ్యి అనుకుంది.

తర్వాత "మీ బావేరీ" అని అడిగింది. "డ్యూటీలో ఉన్నారక్కా" అన్నాను. "ఆయన వచ్చేదాకా ఉండు. ఒక్కరూ ఉంటే ఆయనకి తోచదు. పైకి చెప్పరు" అంది. "ఉంటానక్కా" అన్నాను. ఆ తర్వాత నిద్రపోయింది. మళ్లీ మాట్లాడలేదు.

నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు ఈ మాట చెప్తే నిన్ను ఉండమని అడిగినట్టు ఉంటుందని చెప్పలేదు. ఇప్పుడు కూడా రమ్మని రాయడం లేదు. నీ పని నీకుంది, నీ బతుకు నీకుంది. కానీ అది తను నీతో అన్న మాట. నా దగ్గర ఉండిపోకూడదని రాస్తున్నాను.

వేళకి తిను.

ఇట్లు,
బావ


షాపు నుంచి,
శుక్రవారం

బావా,

మీ ఉత్తరం చదివి మొదట నాకు కోపమొచ్చింది. నాకు రావాల్సిన మాటలు మీకు దక్కాయని. మీరు రెండు రోజులు ముందే ఫోన్ చేసి ఉంటే ఆ మంచం పక్కన నేనుండేవాడినని. ఉత్తరం మడిచి సొరుగులో పడేసి రోజంతా పని చేశాను. 

మర్నాడు మళ్లీ చదివాను. తను భయపడింది, మీరు "అక్కా" అన్నారు. నేను అక్కడుండి ఉంటే ఏడ్చేవాడిని, తనని ఇంకా భయపెట్టేవాడిని. మీరు అన్నంత బాగా నేను అనలేకపోయేవాడిని.

ఉంటానని మీరు నా తరఫున మాట ఇచ్చారు. పెద్దాయనకి చెప్పేశాను. ఆయన కాసేపు గుర్రుమని, తర్వాత నా పనిముట్లన్నీ తనే తుడిచి సంచిలో సర్దిపెట్టాడు. మీ ఊళ్లో కూడా మిక్సీలు చెడిపోతాయి కదా, ఏదో ఒక షాపు దొరక్కపోదు.

సోమవారం సాయంత్రం బస్సుకి దిగుతాను. ఎదురు రావక్కర్లేదు. డిపోలో మీ కుర్చీలోనే ఉండండి. మీ డ్యూటీ అయ్యేదాకా నేను పక్కన కూర్చుంటాను.

మీ
బావమరిది